వాన తాగిన పొడి

ఆ త్రాసును కొలిమి పక్కనుంచి పీకి, క్యాంపస్ ఆ కొసన అద్దాల గదిలో పెట్టి తాళం వేసిన పెద్దమనుషులారా, ఈ పాపం మీదే. తిలాపాపం తలా పిడికెడు అని పంచుకుని చేతులు దులుపుకుంటామంటే కుదరదు. రిబ్బన్ కత్తిరించారు. రాతిబల్ల వేయించారు, ఏసీ పెట్టించారు, గోడ మీద మీ పేర్లు చెక్కించుకున్నారు. ఆ త్రాసు మీద తూచాల్సిన పొడి ఎక్కడ కాలుతుంది, అంత దూరం ఎలా వస్తుంది, దారిలో దానికేమవుతుంది అని మీలో ఒక్కరంటే ఒక్కరు అడగలేదు. అడిగి ఉంటే జ్యోతిర్మయికి ఈ తిప్పలు వచ్చేవే కావు.

జ్యోతిర్మయి ఫిజిక్స్‌లో పీహెచ్‌డీ చేస్తోంది. మోత్కూరు దగ్గరి పల్లె పిల్ల. మాణికేశ్వర్ నగర్‌లో అవుసుల పేరయ్య బంగారు కొట్టు మీది గదిలో అద్దెకుంటోంది. గడువు మీద గడువు పొడిగించుకుంటే చివరికి వచ్చే డిసెంబరు మిగిలింది. ఆ నెల దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. ఇన్నేళ్ళ పని గంగలో కలిసినట్టే.

ఆమె చేసే పని చూస్తే పిండివంటలాగే ఉంటుంది. లాంథనం ఆక్సైడ్, కాల్షియం కార్బొనేట్, మాంగనీసు ఆక్సైడ్ అనే మూడు పొడులు లెక్కప్రకారం తూచాలి, రాతి రోట్లో చేతులు పడిపోయేదాకా నూరాలి, కొలిమిలో కాల్చాలి, మళ్ళీ నూరాలి, బిళ్ళలుగా ఒత్తి మళ్ళీ కాల్చాలి. ఇంత చేస్తే చేతికొచ్చేది జలుబు మాత్రంత నల్లబిళ్ళ. చూడ్డానికి బొగ్గుముక్క. కానీ దాని లోపల జరిగేది చూస్తే మతిపోతుంది.

ఆ బిళ్ళలో మాంగనీసు రెండు తీర్లుగా ఉంటుంది. కొన్ని పరమాణువులు మూడేసి ఎలక్ట్రాన్లు వదులుకుని ఉంటాయి, కొన్ని నాలుగేసి. మూడు వదిలినదాని దగ్గర ఇంకొకటి మిగిలి ఉంటుంది గనుక, అది పక్కనున్న నాలుగు వదిలినదాని మీదికి దూకగలదు. అలా దూకుతూ పోతే కరెంటు పారుతుంది. అయితే ఒక షరతు ఉంది. రెండింటి అయస్కాంతపు ముఖాలూ ఒకే దిక్కుకు తిరిగి ఉండాలి. కిక్కిరిసిన ఉప్పల్ బస్సులో వెనకనున్నవాడు టికెట్ డబ్బులు ముందుకు అందించడం చూశారుగా. అందరూ కండక్టర్ వైపు తిరిగి నిలబడితే నోటు చేతులు మారుతూ పోతూనే ఉంటుంది. తలో దిక్కు తిరిగి ఫోన్లు చూసుకుంటుంటే నోటు ఉన్నచోటే ఆగిపోతుంది. బిళ్ళను చల్లబరిచేకొద్దీ లోపలి ముఖాలన్నీ ఒక దిక్కుకు తిరుగుతాయి. అప్పుడది అయస్కాంతానికీ అంటుకుంటుంది, లోహంలా కరెంటునూ పారిస్తుంది. రెండూ ఒకేసారి.

కాల్షియం పెంచేకొద్దీ నాలుగు వదిలినవి పెరుగుతాయి. ఆ కాల్షియం పాలు సగం దాటిందా, కథ అడ్డం తిరుగుతుంది. చల్లబరిస్తే ఎలక్ట్రాన్లు దూకడం మానేస్తాయి. ఒక మూడు, ఒక నాలుగు, ఒక మూడు, ఒక నాలుగు అని చదరంగం గళ్ళలా ఎక్కడివక్కడ బిగదీసుకుని కూర్చుంటాయి. కరెంటు పారదు. అయస్కాంతం పిలిచినా బిళ్ళ పలకదు. ఆ సగం గీత దగ్గర వెంట్రుకవాసి తేడా చాలు, బిళ్ళ ఇటో అటో పడిపోతుంది.

జ్యోతిర్మయి పట్టుకున్నది అక్కడే. ఆమె 'నలభై అయిదు' అని పిలుచుకునే బిళ్ళలో, లాంథనం కాల్షియం కలిపి నూరు పాళ్ళనుకుంటే, నలభై అయిదు పాళ్ళే కాల్షియం. గీతకు ఇవతలే ఉంది. ప్రపంచంలో ఎవరు చేసినా ఆ బిళ్ళ చల్లబడితే లోహం కావాలి. ఆమె చేసింది మాత్రం గడ్డకట్టుకు కూర్చుంది. మూడుసార్లు చేసినా అంతే. ఎక్స్‌రే తీస్తే అంతా సలక్షణంగానే కనబడింది. ఆమె గైడ్ సోమయాజులు గారు పొంగిపోయి తన సర్వీసులో ఇలాంటిది చూడలేదన్నారు. పేపరు రాశారు, పెద్ద పత్రిక ఒప్పుకుంది. అచ్చుకు పోయే ముందు చివరిసారి చూసి సరేననాలి. సోమవారం పొద్దుటి దాకా గడువు. థీసిస్‌కు ఆ నలభై అయిదే ప్రాణం.

"అక్కా, మా అమ్మ ఊరంత చెప్పుకుంటున్నది, మావోడేదో కనుక్కున్నడంట అని," అన్నాడు దేవేందర్. ల్యాబ్‌లో ఆమెకు జూనియర్, ఆ పేపర్లో మూడో పేరు అతనిది. "ఏం కనుక్కున్నడే అని అడిగితే 'గడ్డకట్టే కరెంటు' అంటున్నదంట. ఇగ మా సర్పంచి ఫోన్ జేసిండు, గది వస్తే మా మోటర్లు కాలుడు తప్పుతదా అని."

"తప్పుతదని చెప్పకపోయినవ్?"

"చెప్పిన. వచ్చే యాసంగికి పంపిస్తమన్న."

ఆ వారానికి ఆ నవ్వులే ఆఖరు.

జులై నెల. కొలిమిలో కాల్చి ఆరబెట్టిన లాంథనం పొడిని, దానితోపాటు కాల్షియం, మాంగనీసు పొడులను వెన్నకాగితం పొట్లాల్లో కట్టుకుని పొద్దున్నే జ్యోతిర్మయి అద్దాల గదికి పోయి ఇచ్చి వచ్చింది. అక్కడి పద్ధతి చెప్పాలి. త్రాసును ఎవరూ ముట్టుకోకూడదు. పొద్దున కౌంటర్ దగ్గర పొట్లాలిచ్చి, ఏది ఎంత తూచాలో చీటీ రాసివ్వాలి. వాటిని ఒక స్టీలు ట్రేలో పేర్చి పెడతారు. వంతు వచ్చినప్పుడు లోపల తూచి, సాయంత్రం వాపసిస్తారు. వెనకటికి కొలిమి పక్కనే త్రాసున్న రోజుల్లో పొడి బయటికి తీసిన వెంటనే తూచేవాళ్ళట. గాలి తగలకుండా దాచే గాజుజాడీ ఒకటుండేది. సామాను మార్చేటప్పుడు అది పగిలింది. కొత్తది అడిగితే ఫైలు ఇంకా నడుస్తూనే ఉంది.

ఆ రోజు మధ్యాహ్నం పొట్లాల కోసం ఆమె మళ్ళీ వచ్చేసరికి వాన దంచికొడుతోంది. కౌంటర్ కిటికీ ముందు రేకు కూడా లేదు. లోపల తూకం వేసే స్నేహలత చూసి తలుపు తీసింది.

"లోపల్కి రా జ్యోతీ. గా వానల ఏం నిలబడ్తవ్? ఇన్‌చార్జి సార్ ఇయ్యాల రాడు."

"లోపల్కి రావద్దని బోర్డు పెట్టిన్రు గదక్కా."

"బోర్డు తడుస్తలేదు, నువ్వు తడుస్తున్నవ్. రా."

అన్నేళ్ళుగా తన పొడులు తూగే త్రాసును జ్యోతిర్మయి దగ్గరనుంచి చూడడం అదే మొదలు. గాజుపెట్టెలో చిన్న పళ్ళెం, ముందు ఎర్ర అంకెలు. పొద్దుటినుంచీ ట్రేలో ఉన్న ఆమె లాంథనం పొట్లం వంతు అప్పుడే వచ్చింది. స్నేహలత పొడి పోసి గాజుతలుపు మూసింది. చివరి అంకె మారింది. మళ్ళీ మారింది. పైకే పోతోంది. ఎవరో కంటికి కనబడకుండా చిటికెడు చిటికెడు వేస్తున్నట్టు ఎక్కుతూనే ఉంది.

"స్నేహక్కా, ఇది ఆగుతలేదేంది?"

"మిషన్ ముసల్దయింది. కంప్లయింటిచ్చిన, వస్త వస్త అంటున్నడు. జెర ఆగినట్టు కొట్టంగనే నంబర్ రాసేస్త. లేకుంటే పొద్దుమూకిందాక గీడనే కూసోవాలె."

"గా కాల్షియం పెట్టి చూడు ఒకసారి."

కాల్షియం పెడితే అంకె రాయిలా నిలబడింది. మాంగనీసు పెట్టినా అంతే. మళ్ళీ లాంథనం పెట్టమంది. మళ్ళీ ఎక్కడం మొదలు.

త్రాసు బాగానే ఉంది. పొడి నీళ్ళు తాగుతోంది. వానాకాలపు గాలిలోంచి తేమ పీల్చుకుని బరువెక్కుతోంది. లాంథనం ఆక్సైడుకు ఆ గుణముందని పుస్తకాల్లో ఉంది, అందుకే కాల్చి ఆరబెడతారు, జ్యోతిర్మయీ ఆరబెట్టింది. ఆరబెట్టిన పొడిని పొద్దంతా ట్రేలో పెట్టి గాలికి తాగించడం ఆరబెట్టనట్టే అని ఆమెకూ తట్టలేదు, గైడుకూ తట్టలేదు, ఆ గదిలో పొట్లాలు పెట్టిన ఎవరికీ తట్టలేదు. లాంథనం అని తూచినదాంట్లో కొంత నీళ్ళు. అంటే బిళ్ళలో లాంథనం తక్కువ పడింది. లాంథనం తగ్గితే నాలుగు వదిలిన మాంగనీసులు పెరుగుతాయి. నలభై అయిదు పేరుకే నలభై అయిదు.

ఆ బిళ్ళను మూడుసార్లు ఎప్పుడెప్పుడు చేసిందో ఆమెకు అక్కడ నిలబడే గుర్తొచ్చింది. మొదటిది నిరుడు బోనాలప్పుడు. రెండోది వినాయకుడి నిమజ్జనం వారం, క్యాంపస్ రోడ్డు నీళ్ళలో మునిగితే చెప్పులు చేతబట్టుకుని నడిచింది. మూడోది, పత్రికవాళ్ళు ఇంకోసారి చేసి చూపమంటే, పోయిన నెల మొదటి వానలకు. ఎండాకాలంలోనూ చలికాలంలోనూ చేసిన మిగతా బిళ్ళలేవీ పుస్తకాలతో పేచీ పెట్టుకోలేదు.

"ఏమైందే, మొఖం గట్ల పెట్టినవ్?" అంది స్నేహలత.

"ఏం లేదక్కా. నా పొట్లం నాకియ్యి. తూచకు."

ల్యాబ్‌కు వచ్చి సోమయాజులు గారికి ఫోన్ చేసింది. ఆయన ఎత్తిపొడవలేదు, కంగారుపడలేదు. "చేసి చూడమ్మా. చూశాక మాట్లాడుకుందాం," అన్నాడు.

చేయాలంటే కొలిమి పక్కన త్రాసు కావాలి. యూనివర్సిటీ ఇవ్వదు. జ్యోతిర్మయి తిన్నగా తన ఇంటి ఓనర్ దగ్గరికి పోయింది. పేరయ్య కొట్లో కూర్చుని ముక్కుపుడకకు రాయి బిగిస్తున్నాడు.

"పేరయ్య కాకా, నీ కాంట ఒక్కరోజు ఇస్తవా?"

"కాంట ఇచ్చుడంటే నా కండ్లు పీకి ఇచ్చుడే బిడ్డా. ఏం తూస్తవ్?"

"మన్ను. తెల్లమన్ను."

"మన్ను తూచనీకి బంగారం కాంటనా!" పేరయ్య కళ్ళజోడు పైకి తోశాడు. "గంత పెద్ద కాలేజి, గవర్మెంటోళ్ళకు కాంట లేదా?"

"ఉన్నది. తాళమేసిన్రు."

"తాళమేసుకున్న కాంటతోటి ఏం తూస్తరు? తాళంచెవినా?"

కాంటాను ఒంటరిగా పంపనన్నాడు. దానికి దుప్పటి చుట్టి, ఒళ్ళో పెట్టుకుని, దేవేందర్ బండి వెనక కూర్చుని తానూ వచ్చాడు. కొలిమి గదిలో స్టూలు మీద కూర్చుని, ఎవరు కాంటా పక్కనుంచి నడిచినా "మెల్లగ, మెల్లగ" అని గుడ్లురిమాడు. ఫ్యాన్ బంద్ చేయించాడు. కొలిమిని చూసి పెదవి విరిచాడు.

"తిత్తి లేదు, బొగ్గు లేదు. గీ బీరువల ఏం కాగుతది?"

"నీ బంగారం పెడితే నీళ్ళయితది తాతా, పెట్టి చూద్దమా?" అన్నాడు దేవేందర్.

"పెడ్త గని, తీసేటప్పుడు నీ జేబులు చూడాలె."

ఆ పొట్లంలోని పొడినే ముందు తూచారు. తర్వాత కొలిమిలో కాల్చారు. చేయి పెట్టగలిగే వేడికి దిగగానే, గాలి ముట్టేలోపల మళ్ళీ తూచారు. బరువు తగ్గింది. ఇరవై పాళ్ళలో ఒక పాలు నీళ్ళే. జ్యోతిర్మయి లెక్క వేసుకుంది. నాలుగు వదిలిన మాంగనీసులు సగం గీత దాటి అవతల పడ్డాయి. లెక్కలో ఏ తప్పూ లేదు. అయినా లెక్క లెక్కే, బిళ్ళ బిళ్ళే. బిళ్ళ తన నోటితో చెప్పాలి.

వేడి మీద తూచిన ఆ పొడితోనే కొత్త నలభై అయిదు మొదలుపెట్టింది. నూరింది, కాల్చింది, నూరింది, ఒత్తింది, కాల్చింది. ఆ వారం తారుమారుగా ఏమీ జరగలేదు. వాన పడుతూనే ఉంది. రోట్లో పొత్రం తిప్పుతుంటే ఆమె మనసు రెండుగా చీలి మాట్లాడుకునేది. కొత్త బిళ్ళ కూడా పాతదానిలాగే గడ్డకట్టుకుంటే తూకంతో పని లేదు, కనుక్కున్నది నిజంగా కనుక్కున్నట్టే. పేపరుంటుంది, థీసిస్ ఉంటుంది, డిసెంబరులో పట్టా ఉంటుంది. అట్లాగే కావాలని ఆమె కోరుకుంది. కోరుకున్నందుకు ఎవరు మాత్రం తప్పుబడతారు?

ఆదివారం పొద్దున బిళ్ళ కొలిమిలోంచి బయటికి వచ్చింది. కరెంటు కొలిచే గదికి ఆదివారం తాళం. దానికీ తాళమే! మర్నాటికి పేపరు గడువు. జ్యోతిర్మయి ఆగలేదు. బిళ్ళలను చల్లబరిచే ద్రవ నైట్రోజన్ చిన్న ఫ్లాస్కులో వంపుకుని, పాత బిళ్ళ ఒకటి, కొత్త బిళ్ళ ఒకటి, దారం, ఒక అయస్కాంతం సంచిలో వేసుకుని ఆటో ఎక్కి తార్నాక పోయింది.

సోమయాజులు గారిది తార్నాకలో లోపలి వీధిలో పాత డాబా. తలుపు తీసిన కామాక్షమ్మ, ఆయన భార్య, ఫ్లాస్కు మూతి దగ్గర తెల్లటి పొగ చూసి ఒక అడుగు వెనక్కి వేసింది.

"ఇదేవిటే తల్లీ, ధూపం పట్టుకొచ్చావా?"

"నైట్రోజన్ అమ్మా. ఒక స్టీలు గిన్నె ఇస్తరా?"

"ఇస్తాను గానీ, అది మా పెళ్ళినాటి గిన్నె. పగలదు కదా?"

"పగలదమ్మా. సల్లగైతది గంతే. ముట్టుకోకున్రి."

సోమయాజులు గారు భోజనాల బల్ల మీద ల్యాప్‌టాప్ పక్కకు జరిపాడు. పేపరు తెర మీద తెరిచే ఉంది. "కూర్చోమ్మా," అన్నాడు. ఆమె కూర్చోలేదు. గిన్నెలో నైట్రోజన్ పోసింది. అది కాగే నూనెలా సలసలలాడింది, పొగలు బల్ల అంచునుంచి నేలకు జారాయి.

పాత బిళ్ళను దారానికి కట్టి ముంచింది. బుడగలు ఆగేదాకా ఉంచి తీసి, అయస్కాంతం దగ్గరికి తెచ్చింది. బిళ్ళ తాపీ పనివాడి గుండులా నిలువుగా వేలాడింది. కదలలేదు. ఇద్దరూ దాన్ని చాలాసార్లు చూసినవాళ్ళే. గడ్డకట్టుకున్న బిళ్ళ. వాళ్ళ పేపరు.

కొత్తదాన్ని ముంచింది. వంటింట్లో పాలు పొంగినట్టున్నాయి, కామాక్షమ్మ కదలకుండా ఇక్కడే చూస్తోంది. జ్యోతిర్మయి దారం పైకి తీసింది. ఇంకా అయస్కాంతం దాకా తేనే లేదు, బిళ్ళ జానెడు దూరంనుంచే అటు తిరిగి, దారాన్ని లాగి, టక్కున పోయి అంటుకుంది.

చిన్న చప్పుడే. ఆమె చేతి వేళ్ళ దాకా తెలిసింది.

అంటుకున్న బిళ్ళ మీద మంచు తెల్లగా పట్టింది. కాసేపటికి ఆ మంచు అంచులు తడిగా మారుతుండగా, బిళ్ళ పట్టు వదిలి బల్ల మీద పడింది.

"అయ్యో, పడిపోయిందే!" అంది కామాక్షమ్మ.

"పడిపోవాలి కామాక్షీ," అన్నాడు సోమయాజులు గారు. "వేడెక్కింది. ముఖాలన్నీ మళ్ళీ తలో దిక్కు తిరిగాయి." ఆయన గొంతు పాఠం చెప్పేటప్పటిలాగే ఉంది, చూపు మాత్రం తెర మీద ఉంది. "పొయ్యి చూసుకో నువ్వు."

ఆమె వెళ్ళాక ఆయన బిళ్ళను తీసి అరచేతిలో పెట్టుకున్నాడు.

"ఒక్క బిళ్ళతో ఎలా తేల్చేస్తాం జ్యోతిర్మయీ?"

"మూడు బిళ్ళలతోటి తేల్చినం గద సార్, కొత్త సంగతి కనుక్కున్నమని."

సోమయాజులు గారికి నవ్వొచ్చింది. నవ్వాక మొహం వాడిపోయింది.

"పోనీ, పేపరు ఉంచి, బిళ్ళ పేరు మార్చి రాస్తేనో? నలభై అయిదు అని కాకుండా..."

"ఏమని రాస్తం సార్? ఏ రోజు ఎంత వాన తాగిందో మనకే తెల్వది."

ఆయన చాలాసేపు బిళ్ళను వేళ్ళ మధ్య తిప్పాడు. "నీకు డిసెంబరు ఆఖరు. ఈ పేపరు లేకపోతే ఆ అధ్యాయమే ఉండదు. ఆలోచించే అంటున్నావా?"

"వారం సంది అదే ఆలోచిస్తున్న సార్. గా బిళ్ళ నిలబడాలని దండం పెట్టుకున్న గూడ. నిలబడలే."

ఆయన ల్యాప్‌టాప్ దగ్గరికి లాక్కుని, పత్రికవాళ్ళకు నాలుగు వాక్యాలు రాశాడు. పదార్థం కూర్పు తప్పని తేలింది, పేపరు వెనక్కి తీసుకుంటున్నాం. ఆమెకు చూపించాడు. ఆమె తలూపింది. ఆయన పంపేశాడు. కామాక్షమ్మ కాఫీ తెచ్చింది, ముగ్గురూ తాగారు. ఎవరూ ఏడవలేదు. ఇంటిముందు పూలమ్మే ఆవిడ కేక వేసి పోయింది.

మధ్యాహ్నానికి ఆమె దుఃఖం లెక్కలోకి దిగింది. థీసిస్‌లోని బిళ్ళల్లో వానల్లో తూచినవన్నీ పారేయాలి. సగానికి సగం మళ్ళీ చేయాలి. నూరడం తన చేతిలో పని, కాల్చడం కొలిమి పని. డిసెంబరు లోపల అయ్యే పనే. తూకం ఒక్కటి సరిగ్గా పడాలి. పేరయ్యను అడిగితే తల అడ్డంగా ఊపాడు.

"శ్రావణం వస్తున్నది బిడ్డా. లగ్గాలు, వరలక్ష్మి రూపులు. నా కాంట నాకే తీరదు. నీ కాంట నువ్వు గుంజుకో."

ఆ మాట ఆమెకు బాగా పట్టింది. అద్దాల గదిలో పొట్లాలు పెట్టేది తానొక్కతే కాదు. కెమిస్ట్రీవాళ్ళున్నారు, జియాలజీవాళ్ళున్నారు. దేవేందర్ వాట్సాప్ గ్రూపులో జరిగింది జరిగినట్టు పెట్టాడు. 'మీ పొడి వాన తాగిందో లేదో చూసుకోండ్రి' అన్నాడు. సాయంత్రానికి ఫోన్లు ఆగలేదు. ఒకరికి వానాకాలం బ్యాచ్ ఎందుకు చెడిందో ఇప్పుడర్థమైంది. ఇంకొకరు రెండేళ్ళుగా తన చేతిలోనే ఏదో లోపమని కుమిలిపోతున్నారట.

సోమవారం పొద్దున అద్దాల గది ముందు జనం. గది ఇన్‌చార్జి లక్ష్మీనర్సయ్య గారు కారు దిగి, గుంపును చూసి, జ్యోతిర్మయిని లోపలికి పిలిచాడు. ఆమె వెనకే సోమయాజులు గారూ వచ్చాడు. లక్ష్మీనర్సయ్య చెడ్డవాడేమీ కాదు. అంతా కూర్చుని విన్నాడు. చెడ్డవాళ్ళయితే ఒక దెబ్బకు తేలిపోతుంది. ఇలాంటి మంచివాళ్ళతోనే ఏళ్ళు గడిచిపోతాయి.

"చూడమ్మా, నువ్వు మా దిక్కు పిల్లవే. కోపానికి రాకు," అన్నాడు. "అప్లికేషన్ పెట్టు. వచ్చే నెల కమిటీ ఉన్నది, నేనే ముంగట పెడ్త."

"వచ్చే నెల గూడ వానలే సార్."

"గంత బారీకు త్రాసు. రాతిబల్ల మీదికెల్లి కదిలిస్తే రీడింగ్ తప్పుతది."

"బల్ల మీదుండే తప్పింది సార్."

"తప్పింది త్రాసు కాదు గద, మీ పొడి! మీరు మంచిగ మూసి తేవాలె."

"జాడీ పగిలింది సార్. ఫైలు మీ టేబుల్ మీదనే ఉన్నది. మూసి తెచ్చినా మీ ట్రేల పొద్దంత తెరిచి పెడ్తరు. ముట్టుకోవద్దంటిరి, చూడొద్దంటిరి. చూడకుంట ఎట్ల తెలుస్తది?"

లక్ష్మీనర్సయ్య సోమయాజులు గారి వైపు చూశాడు, పెద్దమనిషి కదా సర్దిచెప్తాడేమోనని.

"నేను నా పేపరు నిన్న వెనక్కి తీసుకున్నానండీ," అన్నాడు సోమయాజులు గారు. "ఈ ట్రేలోంచి వెళ్ళిన పొడులతో ఇంకా ఎవరెవరు వెనక్కి తీసుకోవాలో నాకు తెలీదు. మీకు తెలుసా?"

లక్ష్మీనర్సయ్య కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "పొట్లాలు దినాం తెస్తనే ఉంటరు, ఎవరెవరియని గుర్తుంటది? రూల్స్ ఉన్నయి గదయ్యా. ఒక్క రోజుల ఎట్లయితది?"

తలుపు దగ్గర స్నేహలత ఆ రోజు పొట్లాలున్న ట్రే పట్టుకుని, పోవాలో ఉండాలో తెలియక నిలబడింది. బయట మళ్ళీ చినుకులు మొదలయ్యాయి. జ్యోతిర్మయి గొంతు పెంచలేదు.

"అయితది సార్. కమిటీ ఎన్నిదినాలన్న కూసోనియ్యిన్రి, మేం వద్దంటలేం. త్రాసు మాత్రం ఇయ్యాల కొలిమి రూముకు రావాలె. మోసెటోళ్ళం మేమే వచ్చినం, రాతిబల్లతోని సహా మోస్తం. అప్పటిదాక ఆ ట్రేల ఒక్క పొట్లం పెట్టొద్దు, స్నేహక్కను తూచమని చెప్పొద్దు. వానలల్ల గీడ లాంథనం తూపిచ్చుకున్నోళ్ళందరికి మీరే, మీ పేరు మీదనే, ఇయ్యాల్నే చెప్పున్రి, మా తూకం తప్పు, మళ్ళ చేసుకోన్రి అని. వాళ్ళ తప్పని అనుకుంట కూసున్నరు సార్ పిల్లలు. పోయిన కాలం మాకు గడువుల కలిపి ఇయ్యిన్రి, రాసి ఇయ్యిన్రి. ముందుగాల లేవున్రి. లేచి ఆ తాళం తియ్యిన్రి."